గుడ్డు మీద తీర్మానం

ఏది రాయి, ఏది శిలాజం అనే విషయంలో పట్టణ శిలాజ సేకర్తల సంఘానికి ఇంతవరకు ఒక్కసారి కూడా సందేహం కలగలేదు. పద్ధతి అంత పకడ్బందీగా ఉంది. సభ్యుడు రాయిని బల్ల మీద పెడతాడు. పాత సభ్యుడైతే అది శిలాజం. మధ్యరకమైతే పరిశీలనలో ఉన్న శిలాజం. కొత్తవాడైతే రాయి. రాయిని తిప్పి చూడడం వంటి కాలయాపనకు తావు లేదు.

అలాంటి సంఘంలో కళ్లజోళ్ల దుకాణం నడిపే ఒకాయన కొత్తగా చేరాడు. పాపం, పుస్తకాలు చదివి మరీ చేరాడు. ఎముక శిలాజమైతే నాలుకకు ఆనించినప్పుడు కాస్త అంటుకుంటుందనీ, నత్త శిలాజమైతే గీతలు ఒక క్రమంలో ఉంటాయనీ, గుండ్రంగా ఉన్నంత మాత్రాన రాయి గుడ్డైపోదనీ తెలుసుకున్నాడు. దారిలో దొరికిన ప్రతి రాయినీ నాకి చూసేవాడు. అది చూసిన ఖాతాదారులు వేరే దుకాణం వెతుక్కున్నారు.

ఇంట్లో రాళ్లు మంచం కింద నిండి, బీరువా ఎక్కి, చివరికి భార్య కుట్టుమిషను కోసం అనుకున్న గదిలోకి చేరాయి. ఆవిడ తేల్చి చెప్పింది.

"ఒక్కటంటే ఒక్కటి అసలుదని తేలినా మీ రాళ్ల జోలికి రాను. లేదా, ఆదివారం సాయంత్రానికి అన్నీ వీధిలో ఉంటాయి."

అతను ఆ రాళ్లలోంచి ఒక నత్తను తీసి భూతద్దం కింద పెట్టాడు. "ఇటు చూడు. గీతలు లోపలికి పోయేకొద్దీ ఎలా సన్నబడుతున్నాయో! మామూలు రాయికి ఇంత ఓపిక ఉంటుందా?"

"రాయిలాగే ఉందండీ," అందావిడ.

నిజమే, శిలాజం రాయిలాగే ఉంటుంది. వచ్చిన చిక్కల్లా అదే.

ఆదివారం నత్తను జేబులో వేసుకుని సంఘానికి వెళ్లాడు. రిటైరైన రిజిస్ట్రారు గారైన అధ్యక్షులవారు అప్పటికే ప్రసంగంలో ఉన్నారు. ఎదురుగా మఖమల్ దిండు మీద వారి డైనోసార్ గుడ్డు ఉంది.

"ఈ గుడ్డు మన సంఘానికి తల్లి! కోట్ల సంవత్సరాలు పిల్ల కావాలన్న కోరికను చంపుకుని, మన కోసం ఎదురుచూసిన త్యాగమూర్తి!"

త్యాగమూర్తి దగ్గర చెయ్యి కాస్త ఎక్కువ ఊగింది. గుడ్డు నేల మీద పడి రెండు ముక్కలైంది. పెంకు లేదు, లోపల ఏమీ లేదు. అంచు నుంచి నడిమధ్య దాకా ఒకటే రాయి.

కార్యదర్శి గొంతు సవరించుకున్నాడు.

"పిల్ల, పెంకు తేడా లేకుండా సంపూర్ణంగా శిలగా మారిన అత్యంత అరుదైన గుడ్డుగా దీన్ని ఇందుమూలంగా గుర్తిస్తున్నాం. ఏకగ్రీవంగా ఆమోదించవలసిందిగా మనవి."

ఒకటి తప్ప చేతులన్నీ లేచాయి. అధ్యక్షులవారు దిగి వచ్చి కళ్లజోళ్లాయన భుజం మీద చెయ్యి వేశారు.

"జేబులో ఏదో తెచ్చినట్టున్నావు బాబూ? దాని సంగతీ చూద్దాం. ముందు ఏకగ్రీవం కానివ్వు."

కళ్లజోళ్లాయనకు వీధిలో పడి ఉన్న తన రాళ్లన్నీ కనిపించాయి. తల దించుకుని చెయ్యెత్తాడు. వెంటనే అతని నత్తకు శిలాజంగా గుర్తింపు పత్రం వచ్చింది. నత్తను జేబులోంచి బయటికి తియ్యమని కూడా ఎవరూ అడగలేదు.

ఇంట్లో ఆవిడ పత్రం మీది గుండ్రటి ముద్రను వేలితో తడిమింది. సంతకాన్ని కిటికీ దగ్గర వెలుగులో పెట్టి చూసింది.

"అయ్యో, నిజంగా అసలుదేనండీ! ముందే చెప్పచ్చుగా?"

"గీతలు చూపించాను కదా," అన్నాడు నీరసంగా.

"గీతలు ఎవరైనా చూపిస్తారు."

అతనికి సిగ్గేసింది. నత్త నిజమైనదే. అది నిజమని ఇంట్లో నమ్మించడానికి ఒక అబద్ధానికి చెయ్యెత్తాల్సి వచ్చింది. ఆవిడ మాత్రం సంతోషంగా మిషనును వంటగదిలోకి జరిపి, ఇరుగుపొరుగును పిలిచింది. వచ్చినవాళ్లు పత్రాన్ని చేతులు మార్చుకుంటూ చదివి, సంతకం ఎవరిదో కనుక్కుని, ఆయనెంత పెద్దమనిషో చెప్పుకున్నారు. నత్త అక్కడే బల్ల మీద, భూతద్దం పక్కనే ఉంది. దానివైపు చూసినవాళ్లు లేరు. మనం వెళ్లినా పత్రమే చదివి వచ్చేవాళ్లం.