చెక్కు చెదరని ఫిరంగులు

యుద్ధం మొదలైన రెండో ఏట సముద్రపు కోట గోడ మీద నలభై ఫిరంగులు వెలిశాయి. అన్నీ కొత్తవి. అన్నీ చెక్కవి. అసలైనవి వచ్చేదాకా శత్రువు ఓడల్ని బెదిరించడానికి పైవారి అనుమతితోనే చేయించారు. చేసినవాడు కోటలో అందరూ బాడిసె బాబాయి అని పిలిచే వడ్రంగి. మొద్దులు తొలిచి, నల్లరంగు పూసి, వరుసగా నిలబెట్టి, ఇక తన ఊరు పోవచ్చుననుకున్నాడు పాపం.

అంతలో తనిఖీ అధికారి వచ్చాడు. దగ్గరికి వెళ్లాలంటే మెట్లెక్కాలి కనుక దూరం నుంచే పరిశీలించాడు. "తుప్పు లేదు. ఇంతవరకు ఒక్కటీ పేలి మన సిపాయిని చంపలేదు. దేశంలోకెల్లా ఉత్తమమైన ఫిరంగులు" అని రాసి పంపాడు. రాజధాని మురిసిపోయి, దారిలో ఉన్న అసలు ఫిరంగుల్ని వెనక్కి పిలిచింది. ఫిరంగులు ఉన్నచోటికే మళ్లీ ఫిరంగులెందుకు? పైగా బాబాయిని ఫిరంగి దళానికి నాయకుణ్ణి చేసి, జనానికి పెట్టగా మిగిలిన టోపీ ఒకటి అతని నెత్తిన కూడా పెట్టింది.

బాబాయికి నిద్ర కరువైంది. ఓడ వస్తే పేల్చాల్సింది తనే. పేలిస్తే మొద్దుతోపాటు తనూ బొగ్గవుతాడు. పేల్చకపోతే ద్రోహి అని ఉరి. ఆ ఉరికంబం చేయాల్సిందీ తనే, కోటలో ఇంకో వడ్రంగి లేడు.

"నిజం చెప్పేయరాదూ?" అంది భార్య.

"చెప్పబోయానే. చెక్కవని బయటపెడితే సైనిక రహస్యం చెప్పినట్టేనట. దానికీ ఉరే."

"ఎటు తిరిగినా ఉరే అయితే, కాస్త మంచి కలప చూసి పక్కన పెట్టుకోండి."

వానలకు ఏడో ఫిరంగికి చెదలు పట్టాయి. రాజధానికి రాస్తే జవాబొచ్చింది: "ఇనుముకు చెదలు పట్టవు. కావున సదరు పురుగులు శత్రువు గూఢచారులు. నిర్బంధించి విచారించవలెను." నలుగురు సిపాయిలు మూడు రోజులు విచారించారు. ఫిరంగి చెక్కు చెదరలేదనీ, చెదలు నోరు విప్పలేదనీ నివేదిక వెళ్లింది.

చివరికో పొద్దున శత్రువు ఓడ వచ్చి కోటకెదురుగా నిలిచింది. విజయం కళ్లారా చూడాలని తనిఖీ అధికారి కూడా విచ్చేశాడు, ఈసారి మెట్లెక్కి. కోట సేనాపతి గొంతు సవరించుకున్నాడు.

"వీరులారా, మన ఫిరంగుల ముందు ఉక్కెంత, ఉరుమెంత? ఇవి కాలవు, కూలవు, ఎవరికీ లొంగవు."

కాలవు అన్నచోట బాబాయి కళ్లు మూసుకున్నాడు.

"ఊఁ, అంటించవయ్యా" అన్నాడు సేనాపతి.

ప్రాణం మీదికొస్తే ఎవరికైనా తెలివి పుడుతుంది. బాబాయి ఓ కాగితం ముందుకు పెట్టాడు. "చిత్తం దొరగారూ. ఇవి ఇనుపవేనని రాసి కింద సంతకం పెట్టండి. ఇప్పుడే అంటిస్తా."

సేనాపతి కలం అందుకున్నాడు. కలం కాగితం దాకా వచ్చి ఆగింది. ఆయన తనిఖీ అధికారి వైపు చూశాడు. అధికారి ఆకాశంలో కొంగల్ని చూశాడు. సిపాయిలు తమ తమ బూట్లు చూసుకున్నారు. బాబాయికి అప్పుడు వెలిగింది. ఇవి చెక్కవని కోటలో అందరికీ తెలుసు. అందరికీ తెలుసన్న సంగతి తెలియనివాడు తానొక్కడే.

"సంతకానికేం తొందరలే" అన్నాడు సేనాపతి కలం జేబులో దోపుకుంటూ. "ముందు గాలి ఎటు వీస్తుందో చూద్దాం."

గాలి సంగతి తేలేలోపే ఓడ నలభై నల్లటి నోళ్లు లెక్కపెట్టుకుని, వచ్చిన దారినే పోయింది.

ఉరి తప్పింది. ఊరికి పోవడం మాత్రం కుదరలేదు. విజయం విని కోట కింది ఊరి జనం ఊరేగింపుగా వచ్చిపడ్డారు. ఫిరంగుల్ని కౌగిలించుకున్నారు, మూతులు ఆనించి ముద్దులు పెట్టుకున్నారు. తెల్లారేసరికి ఊళ్లో సగం పెదవులు బూరెల్లా పొంగాయి. గుచ్చుకున్న పేడు తీయడం వడ్రంగికి తెలిసినట్టు వైద్యుడికేం తెలుసు? బాబాయి గది ముందు వీధి చివరిదాకా వరుస కట్టారు. అతను సూది పట్టుకుని, ఒక్కొక్కరి పెదవి లోంచి చెక్క పేడు తీసి, వాళ్ల అరచేతిలోనే పెట్టి అడిగాడు.

"ఏం గుచ్చుకుందంటారు?"

"ఇనుమే బాబాయ్."

ప్రతివాళ్లదీ అదే మాట. వరుస ఇంకా తరగలేదు. పాఠకులు తోసుకోకుండా నిలబడండి, మీ వంతూ వస్తుంది.