దేవుని గూట్లో ఎక్స్‌టెండర్

ఇంట్లో వై-ఫై ఎక్స్‌టెండర్ లేనివాళ్లకు భక్తి ఉండదు, శుభ్రం ఉండదు, వేళకు తిండి అసలే ఉండదు! ఇది తమాషాకు చెప్తున్న మాట కాదు. నమ్మకం లేనివాళ్లు నాందేడ్‌లో రుక్మాబాయి ఇంటికి పోయి చూసి రావచ్చు. సాయంత్రం ఏడున్నరకు పోతే ఇంకా మంచిది, రొట్టె కూడా దొరుకుతది.

ఎక్స్‌టెండర్ అంటే ఏందని అడిగే అమాయకులు ఈ రెండువేల తొమ్మిదిలో కూడా ఉన్నరు కాబట్టి చెప్పాలె. నెట్టు డబ్బా ముందరింట్లో ఉంటది. దాని సిగ్నల్ వెనక గదుల దాకా పోదు. మధ్యలో ఇంకో చిన్న డబ్బాను ప్లగ్గులో గుచ్చితే, అది ముందరి సిగ్నల్‌ను అందుకొని వెనక్కి పంపుతది. అంతే. మనుషులల్ల ఈ పని చేసేవాళ్లను చాడీకోరులంటం, డబ్బా చేస్తే టెక్నాలజీ అంటం.

రుక్మాబాయి ఇల్లు రైలుబండి లెక్క పొడుగు. ముందర టెలిఫోను, నెట్టు, టీవీ. నడుమ దేవుని గది. వెనక వంటిల్లు, దాన్ని ఆనుకొని పిల్లల గది. కంప్యూటర్ పిల్లల గదిలో ఉన్నది. తీగ గుంజితే గోడకు చిల్లు పడతదని ఇంటాయన కైలాశ్ ఒప్పుకోలే. తాత కట్టిన గోడ మరి!

రుక్మాబాయి బి.ఏ. చదివింది. ఆమెకు బంగారం మీద ఆశ లేదు, చీరల మీద అంతకన్నా లేదు. ఉన్నది ఒక్కటే కోరిక. జొన్నరొట్టె పెనం మీద పొంగినప్పుడు, ఆ పొంగు దిగకముందే ఇంట్ల ఎవరన్న ఒకరు తినాలె. "రొట్టె అయింది" అని ఆమె ఇరవై రెండేండ్లుగా పిలుస్తనే ఉన్నది. "ఆ, అస్తున్న" అని వాళ్లు ఇరవై రెండేండ్లుగా అంటనే ఉన్నరు. మొదటి రొట్టె ఆవుకు పెట్టే ఆచారం ఉన్నది కాబట్టి, ఆ ఇంట్ల వేడి రొట్టె రుచి తెలిసింది ఆ ఆవుకే.

దసరా ముందర కొడుకు స్వప్నిల్ ఊళ్లనే ఉన్న వజీరాబాద్ బజారుకు పోయి ఎక్స్‌టెండర్ తెచ్చిండు. వసారాల పెడితే వెనకకు అందలే. వంటింట్ల పెడితే దానికే ముందరి సిగ్నల్ అందలే. సరిగ్గా నడుమ ఉన్న ప్లగ్గు ఒక్కటే, దేవుని గూట్లో రంగుబల్బుల కోసం పెట్టించింది. బల్బుల తీగ పీకి డబ్బా గుచ్చిండు. పచ్చలైటు వెలిగింది.

మర్ఖేల్ ఊళ్ల పుట్టిన, కైలాశ్ తల్లి ఇందుబాయి అచ్చి చూసింది.

"ఏందిరా ఇది?"

"వెనకదాక నెట్టు తెస్తది, నాయినమ్మా."

"తెస్తే తేనీ. దేవుని పక్కకు కూసున్నది గద, ఇగ పాసిమొకంతోని ముడితే చెయ్యి ఇరగ్గొడ్త."

మర్నాడే నవమి. పనిముట్లకు పూజ చేసే దినం. కత్తిపీటకు, స్కూటరుకు, మిషినుకు పెట్టినట్టే ఇందుబాయి డబ్బాకు కూడా పసుపు కుంకుమలు పెట్టి, బంతిపువ్వు చెక్కింది. ఇగ అది డబ్బా కాదు. స్నానం చేసి, గడప దాటకుండ ఇంట్లనే ఉన్నవాళ్లే ముట్టాలె.

మరి ఆ దేవుడు వారం రోజులు దినానికి రెండుసార్లు అలిగిండు. ఎర్రలైటు పడితే ప్లగ్గు తీసి, పది లెక్కపెట్టి, మళ్లీ గుచ్చాలె. లాభాలు అప్పుడు మొదలైనయి. పన్నెండు గంటలకు లేచే స్వప్నిల్ ఆరున్నరకే తువ్వాల భుజాన వేసుకొని బాత్‌రూం ముందర నిలబడ్డడు. ఉత్త నోటితోని గూట్లో చెయ్యి పెట్టొద్దని నాయినమ్మ అన్నందుకు చెల్లె కోమల్ రెండు శ్లోకాలు నేర్చుకున్నది. ఈ పని ఏ గురువు చేయగలుగుతడు చెప్పండి?

కష్టమల్లా సాయంత్రమే. కైలాశ్ ఆఫీసుకు, పిల్లలు కాలేజీకి పోయి అచ్చేసరికి వాళ్ల మడి ఊరంతా పంచి అస్తరు. నీళ్లు కాగే బంబు పొద్దుగాల ఒక్కసారే రాజేస్తరు. ఇందుబాయికి కరెంటంటే భయం. పొద్దున అయిదింటికి స్నానం చేసి, దినమంతా గడప దాటనామె ఇంట్ల రుక్మాబాయి ఒక్కతే.

"అమ్మా, జర తీసి పెట్టవే. స్కోరు ఆగిపోయిందని నాయిన గుడ అడుగుతున్నడు."

"చేతులకు పిండి ఉన్నది. రొట్టెలైనంక పెడ్త. నిలబడేది ఏడనైతేంది, గీడ కూసోండ్రి."

కూసున్నరు. కూసున్నంక ముందర పళ్లెం పెట్టింది. పళ్లెంల పుంటికూర, పొగలొచ్చే రొట్టె.

"రొట్టె గింత మెత్తగుంటదా, అమ్మా?"

"ఎప్పుడూ గిట్లనే ఉంటది బిడ్డా. నువ్వే చల్లారినంక అస్తవ్."

వారం దాటినంక డబ్బాకు అలిగే అలవాటు తప్పింది. రుక్మాబాయి మాత్రం తప్పనియ్యలే. పెనం వేడెక్కంగనే దేవునికి దండం పెట్టి అచ్చేది. సరిగ్గా ఏడున్నరకు ప్లగ్గు వదులై లైటు ఆరిపోయేది.

ఇరవై దినాలకు స్వప్నిల్‌కు అనుమానమొచ్చింది. డబ్బాను దుకాణానికి పట్టుకపోయిండు.

"మంచిగనే ఉన్నదట," అన్నడు తిరిగొచ్చి. "ఎవరన్న తీస్తే తప్ప ఆగదట."

ఆనాడు సాయంత్రం కుర్చీ వేసుకొని గూడు ముందరనే కావలి కూసున్నడు. రుక్మాబాయి పెనం పెట్టింది. దండం పెట్టనీకి పోలే. రొట్టె పొంగింది. "రొట్టె అయింది," అని పిలిచింది. "ఆ, అస్తున్న," అని మూడు గొంతులు పలికినయి. ఒక్క అడుగు కదలలే. ఆ పొంగు మెల్లగ దిగుతుంటే చూసుకుంట నిలబడ్డది.

అంతల దేవుని గదిలకెల్లి మాటలు వినబడ్డయి.

"నాయినమ్మా, ఎందుకు తీసినవ్?"

"హారతికి అడ్డమొచ్చింది. మళ్ల పెడ్తవా? సాయంత్రం తానం జేసినవా?"

"లేదు."

"అయితే పో, మీ అమ్మను అడుగు. ఆడనే కూసో."

కరెంటంటే భయపడే ఇందుబాయి అందరికన్నా ముందర వంటింట్లకు అచ్చి పీట మీద కూసున్నది. "నాకు గుడ ఒకటెయ్యి, రుక్మా, పొంగినది. గీ ఇంటికి అచ్చి యాభై ఏండ్లాయె. వేడి రొట్టె గీ నెలనే తింటున్న."

కాబట్టి పాఠకులారా, ఎక్స్‌టెండర్ కొనుక్కోండి. రెండు గోడల అవతలి నెట్టును ఇవతలికి తెస్తది. రుక్మాబాయి పిలుపు ఒక్క గుమ్మం దాటనీకి దేవుని సాయం, అత్త సాయం, ఒక ఎర్రలైటు కావలసి అచ్చినయి.

ఆవును మాత్రం పిలువాల్సిన పని ఎన్నడూ పడలే.