ఫేబీ చేప పెరిగిన వైనం

ఆ శనివారానికి బాబురావు వేసుకున్న కార్యక్రమం చాలా చిన్నది. టిఫిన్ కాగానే ఫేబీ చేపను పెద్ద తొట్టిలోకి మార్చడం, అందులో ముందే ఉన్న చేపా అదీ సర్దుకున్నాయో లేదో కాసేపు కూర్చుని చూడడం, ఆ తర్వాత ఢిల్లీ మయూర్ విహార్ మార్కెట్‌కి వెళ్లి తోటకూర తేవడం. అందులో తోటకూర ఒక్కటే అనుకున్నట్టు జరిగింది.

పెద్ద తొట్టి ఫరోది. ఫరో ఆస్కార్ జాతి చేప. మగవాళ్ల చెప్పంత ఉంటుంది, నోట్లో పట్టే ప్రతిదాన్నీ తిండి కిందే జమకడుతుంది. దానికో తోడు చూడాలని బాబురావు ఏడాదిగా ప్రయత్నిస్తున్నాడు. తెచ్చిన తోడేదీ మర్నాటికి కనిపించలేదు. అయినా ఆయన ఆశ వదల్లేదు. కార్మిక శాఖలో యూనియన్లకూ యాజమాన్యాలకూ రాజీ కుదిర్చే అధికారిగా పనిచేసి రిటైరైన మనిషి. సరిగ్గా కూర్చోబెడితే ఎవరైనా ఎవరితోనైనా కలిసి ఉండగలరని ఆయన నమ్మకం. ఆయన కుదిర్చిన రాజీల్లో నిలిచినవి తక్కువే కాని, ఆయన మాటను మాత్రం రెండు పక్షాలూ నమ్మేవి. ప్రసంగం సాగదీశారని పాస్టరు గారికి మొహం మీదే చెప్పిన బాబురావు అబద్ధమాడడని చర్చి సంఘమంతటికీ తెలుసు.

ఫేబీ ఆసుపత్రిలో ఆయన భార్య మార్త కింద పనిచేసే నర్సు. నరసాపురం అమ్మాయి. ఇంతకు ముందు రెండుసార్లు కడుపు నిలవలేదు. ఈసారి నిలిచింది కాని బీపీ ఎక్కువగా ఉందని, డాక్టర్లు సెలవు పెట్టించి పుట్టింటికి పంపేశారు. భర్త ఎడ్వర్డ్‌కి ఎప్పుడూ నైట్ డ్యూటీలే. తను తిన్నాడో లేదో గుర్తుండని వాడికి చేపనెలా అప్పగిస్తుంది? అందుకని రైలెక్కే ముందు దాన్ని సీసాలో తెచ్చి బాబురావు చేతుల్లో పెట్టింది. ప్యారట్ అంటారు ఆ జాతిని. బొటనవేలంత ఉంది, బొద్దుగా, నారింజరంగులో.

మార్త డ్యూటీకి వెళ్తూ దాన్ని కొన్నాళ్లు విడిగా బకెట్లో ఉంచమంది. "ఐసీయూలోకి కొత్త పేషెంటొస్తే పాత పేషెంటు మంచం మీద పడుకోబెడతామా అండీ?" అని కూడా అడిగింది. బాబురావు ఆ మాటను గౌరవంగా విన్నాడు. ఆమె లిఫ్టు ఎక్కగానే పని మొదలుపెట్టాడు. ముందు ఫరోకు ఇక వద్దనేదాకా రొయ్యలు పెట్టాడు. తర్వాత తొట్టిలోని రాళ్లన్నిటి చోట్లూ మార్చాడు, ఇది నా జాగా అని ఏ పక్షమూ అనుకోకుండా. అప్పుడు చిన్నదాన్ని వదిలాడు. ఫరో దాన్ని ఒకసారి చూసి అటు తిరిగింది. దాన్ని అంగీకారంగా భావించి బాబురావు కళ్లజోడు కోసం లోపలికి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి తొట్టిలో ఫరో ఒక్కటే ఉంది. దాని నోటి మూల నుంచి నారింజరంగు తోక కొస కనిపిస్తోంది. చూస్తుండగానే అదీ లోపలికి వెళ్లింది.

బాబురావు కుర్చీలో కూలబడ్డాడు. ఆడపిల్ల నమ్మి అప్పగించినదాన్ని పూటైనా కాపాడలేకపోయానని నిజంగా బాధపడ్డాడు. ఏం చేయాలో తోచక వెళ్లి తోటకూర తెచ్చాడు. సాయంత్రం ఫేబీ వీడియో కాల్ చేసినప్పుడు ఉన్నది ఉన్నట్టు చెప్పేయాలని నిశ్చయించుకున్నాడు.

ఆయన గొంతు సవరించుకునేలోపే ఫేబీ మొదలుపెట్టింది. "అంకుల్, మీకొక మాట చెప్పలేదు. బైబిల్లో గిద్యోను గొర్రెబొచ్చు పరిచి దేవుణ్ణి గుర్తు అడిగాడు కదా, నేను ఆ చేపను పెట్టుకుని అడిగాను. పురుడయ్యేదాకా అది బతికుంటే బిడ్డ నాకు దక్కినట్టేనని. తప్పంటారా?"

తప్పేమీ లేదన్నాడు బాబురావు. ఒక్కసారి చూపించమంది.

"పడుకుందమ్మా. లైటు తీసేశాను."

అరవై దాటాక ఆడిన మొదటి అబద్ధం కాబట్టి అంత బాగా కుదరలేదు. ఆయన వెనక తొట్టిలో లైటు వెలుగుతూనే ఉంది.

మార్త ఇంటికొచ్చి సంగతంతా విని, తిట్టకుండా కాసేపు మంచం మీద కూర్చుంది. దానికే ఆయనకు ఎక్కువ భయం వేసింది. "ఆ పిల్ల బీపీ నూట యాభై మీద ఉంది. ఇప్పుడు నిజం చెప్పి దాని ప్రాణం మీదికి తేకండి," అంది చివరికి. "ఎవరడిగినా, పరిస్థితి నిలకడగా ఉందని చెప్పండి."

పాండవ్ నగర్‌లో అక్వేరియం షాపతను కథ విని బొటనవేలంత చేపను అమ్మనన్నాడు. అదీ ఫరో కడుపులోకే పోతుందనీ, నోట్లో పట్టనంతది తీసుకెళ్లమనీ సలహా ఇచ్చాడు. మాట సబబుగానే ఉంది. బాబురావు అరచేయంత ప్యారట్‌ను తెచ్చి వదిలాడు. ఆదివారం ఫేబీ ఫోను కళ్లకు దగ్గరగా పెట్టుకుని దాన్ని చూసింది.

"పెరిగింది అంకుల్," అంది మెల్లగా.

బాగా తింటోందని బాబురావు చెప్పాడు. అంతవరకూ నిజమే.

సంగతి అక్కడితో ఆగేది. కాని స్త్రీల సమాజం ప్రెసిడెంటు పెర్సిస్ ఆంటీకి ఫేబీ ముందే చేప గుర్తు సంగతి చెప్పి ప్రార్థన చేయమని అడిగి ఉంది. అప్పుడు ఫేబీ సీసాలో చర్చికి తెచ్చిన చేపను ఆంటీ కళ్లారా చూసింది. ఇప్పుడు పలకరిద్దామని వచ్చి తొట్టిలో చేపను చూసింది. తొట్టి ముందు కళ్లు మూసుకుని నిలబడిపోయింది. మరుసటి ఆదివారం ఆరాధనలో లేచి, బొటనవేలంత చేప రోజుల్లోనే అరచేయంత అయిందని సాక్ష్యం చెప్పింది. పాస్టరు గారు పరవశించి, బాబురావును ముందుకొచ్చి రెండు మాటలు చెప్పమన్నారు.

బాబురావు లేచాడు. సంఘంలో సగం మందికి నరసాపురంలో చుట్టాలున్నారు, ఇక్కడ ఏమన్నా భోజనాల వేళకి అక్కడ తెలుస్తుంది. అబద్ధం చెప్పడానికి ఆ స్థలంలో నోరు రాలేదు. "చేప ఎలా పెరిగిందో నేను మీకు చెప్పలేనండి," అని వచ్చి కూర్చున్నాడు. సంఘమంతా ఆమెన్ అంది. తగ్గింపు స్వభావమంటే ఏమిటో ఈయన్ని చూసి నేర్చుకోమన్నారు పాస్టరు గారు.

అక్కడి నుంచి జనం రావడం మొదలైంది. జనక్‌పురి నుంచి పిల్లాపాపలతో మెట్రోలు మారి వచ్చారు. చేపను చూసి, టీ తాగి, ప్రార్థన చేసి వెళ్లేవారు. ఈలోగా ఫరో, మింగలేని చేపను కొరకడం మొదలుపెట్టింది. ఒక ఉదయం అరచేయంత ప్యారట్ వెల్లకిలా తేలింది.

మళ్లీ షాపుకు పరుగెత్తాడు. అంత పెద్ద ప్యారట్లు ఇప్పుడు లేవంటూ షాపతను అదే రంగులో ఉన్న మరో జాతి చేపను కట్టిచ్చాడు. ఇదీ ఆ కుటుంబంలోదేనని హామీ ఇచ్చాడు. దాని పేరు ఫ్లవర్‌హార్న్ అనీ, నుదుటి మీద బొప్పి పెరుగుతుందనీ బాబురావుకు తర్వాత తెలిసింది. బొప్పి ఏమిటని ఫేబీ అడిగితే ఎదిగే వయసు కదమ్మా అన్నాడు. పెర్సిస్ ఆంటీకి మాత్రం అందులో కిరీటం కనిపించింది.

ఆ కిరీటధారి మొదటి రోజే ఫరోను ఫిల్టరు వెనక్కి తరిమింది, రెక్క చీల్చింది. ఫరో తిండి మానేసింది. బాబురావు రెండింటి ముందూ కుర్చీ వేసుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఉద్యోగంలో ఏనాడూ లాకౌట్‌కు ఒప్పుకోని మనిషి, చివరికి తొట్టి మధ్యలో గాజుపలక నిలబెట్టాడు.

ఆయన భయం చేపల గురించి కాదు. బిడ్డకేమైనా అయితే, లేని గుర్తును నమ్ముకుని కూర్చున్నానని ఆ పిల్ల కుమిలిపోతుంది. ఏమీ కాకపోతే, బతికినంతకాలం ఆయన అబద్ధానికే కృతజ్ఞత చెప్పుకుంటుంది. రెండూ తలుచుకుంటే ఆయనకు అన్నం సహించేది కాదు. మార్త పెరుగన్నం కలిపి దగ్గరుండి తినిపించేది.

ఆడపిల్ల పుట్టింది. తల్లీబిడ్డా క్షేమమని కబురొచ్చినప్పుడు బాబురావు బాల్కనీలోకి వెళ్లి ఒంటరిగా ఏడ్చాడు. బిడ్డకు మూడో నెల వచ్చాక ఫేబీ ఢిల్లీ తిరిగొచ్చి, మొదట వాళ్లింటికే వచ్చింది. మార్త పాపను ఎత్తుకుంది. బాబురావు ఫేబీని కూర్చోబెట్టి, రొయ్యల దగ్గర నుంచి బొప్పి దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాడు. తలెత్తి ఆమెను చూడలేకపోయాడు.

"నాకు మొదటి వారమే తెలుసంకుల్," అంది ఫేబీ. "నా చేపకి ఎడమ కంటి కింద నల్లచుక్క ఉంటుంది. మీరు చూపించినదానికి లేదు. ఆ రోజంతా ఏడుస్తూనే ఉన్నాను."

బాబురావు ఏదో అనబోయాడు. ఆమె ఆగలేదు.

"తర్వాత ఆలోచించాను. పాస్టరు గారినే లెక్కచేయకుండా నిజం చెప్పే మనిషి, నా బిడ్డ కోసం అబద్ధమాడుతున్నాడు. దేవుడు ఇంతకన్నా పెద్ద గుర్తు ఎక్కడి నుంచి తెచ్చిస్తాడనుకున్నాను. ఆ రాత్రి నుంచి నాకు నిద్ర పట్టింది."

బాబురావు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు. మార్త పాపను తెచ్చి ఆయన ఒళ్లో పడుకోబెట్టింది. చేపను మాత్రం ఇంటికి తీసుకెళ్లనని ఫేబీ ఖచ్చితంగా చెప్పేసింది.

ఆమెతో లెక్క తేలింది కాని సంఘంతో మిగిలే ఉంది. ఆదివారం బాబురావు అడిగి మరీ ముందుకు వెళ్లి, ఫరో నోట్లో తోక దగ్గర నుంచి షాపతను ఇచ్చిన హామీ దాకా సమస్తం పూసగుచ్చినట్టు చెప్పాడు. సంఘం తలలు వంచుకుని శ్రద్ధగా విన్నది.

ఆరాధన ముగిసి ఆయన బయటికి వచ్చేసరికి, చెప్పుల దగ్గర ఇద్దరు కొత్త కోడళ్లు చేపపిల్లలున్న నీళ్ల కవర్లు పట్టుకుని ఆయన కోసం ఎదురుచూస్తున్నారు.