వైరస్‌గారు పంపిన ఉత్తర్వు

ఈమెయిల్ వైరస్‌ని ఆడిపోసుకునేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. సెలవు పెట్టదు, రేపు రమ్మనదు, సంతకం కోసం కాళ్ళరిగేలా తిప్పదు. ఆఫీసుల్లో ఇంత బుద్ధిగా పనిచేసేది ఇంకేముందండీ?

నమ్మరా? అయితే గొళ్ళెం మేడమ్ సంగతి వినండి.

నీటి సరఫరా ఆఫీసులో ఆవిడది రికార్డుల సెక్షన్. బీరువాకి తాళం వేసి మూడుసార్లు లాగి చూస్తుంది. నాలుగు మెట్లు దిగి, మళ్ళీ ఎక్కి వచ్చి ఇంకోసారి లాగుతుంది. ఆ పేరు అందుకే వచ్చింది.

కంప్యూటర్ వచ్చాక ఆ బుద్ధి అందులోకీ పాకింది. "తెలియనివాళ్ళు పంపిన అటాచ్‌మెంట్ తెరవకండి. తెలిసినవాళ్ళు పంపినా సరే, అనుమానం వస్తే ముందు వాళ్ళనే అడగండి" అని చేత్తో రాసి గోడకి అంటించింది.

"ఎందుకు మేడమ్ అంత భయం? మన దగ్గర పాత పైపుల మ్యాపులు తప్ప దోచుకోవడానికి ఏముంది?" అని నవ్వేవాడు పక్క సీటు టైపిస్టు.

"జలుబు నీకే తమ్ముడూ. కానీ నువ్వు తుమ్మితే పక్కనే ఉన్నది నేను కదా!"

ఆవిడ భర్తకి నాలుగు గంటల బస్సు దూరంలో స్కూలు ఉద్యోగం. పదేళ్ళ కూతురు అక్కడే ఉంటుంది. అక్కడి బ్రాంచికి బదిలీ చెయ్యమని ఆవిడ అర్జీ పెట్టుకుని మూడేళ్ళయింది. అడిగినప్పుడల్లా మేనేజర్‌గారు, "పైనుంచి ఇంకా రాలేదమ్మా. వస్తే నేను ఆపుతానా?" అనేవారు.

కూతురు ఫోన్లో అడిగింది. "అమ్మా, పైన అంటే ఎన్నో అంతస్తు?"

ఆ ఆఫీసుకి ఉన్నదే ఒక్క అంతస్తు.

ఇలా ఉండగా ఒక సోమవారం పొద్దున్నే మేనేజర్‌గారికి "మీరు కారు గెలుచుకున్నారు" అని మెయిల్ వచ్చింది. గెలిచిన మనిషి తెరవకుండా ఉంటాడా? తెరిచారు. కారు రాలేదు గానీ వైరస్ వచ్చింది. రావడం రావడమే ఆయన కంప్యూటర్లో చేతికందిన ఫైలునల్లా ఆయన పేరు మీద అందరికీ పంపడం మొదలుపెట్టింది. ఎంత పని రాక్షసో చూడండి! ఆయన పదకొండేళ్ళలో పంపనన్ని ఉత్తరాలు పదకొండు నిమిషాల్లో పంపేసింది!

టైపిస్టుకి మేనేజర్‌గారి బరువు తగ్గే తిండి పట్టిక అందింది. పంపుల మెకానిక్‌కి, ఆయన తన వియ్యంకుణ్ణి తిడుతూ రాసుకుని దాచుకున్న ఉత్తరం అందింది. స్టోర్ కీపర్‌కి ఆ స్టోర్ కీపర్ మీదే రాసిన ఫిర్యాదు! ముగ్గురూ ఆత్రంగా తెరిచారు. అరగంటలో ముగ్గురి కంప్యూటర్లూ మూగబోయాయి. ముగ్గురి చుట్టాలకీ తుమ్ములు మొదలయ్యాయి.

గొళ్ళెం మేడమ్‌కి వచ్చిన ఫైలు పేరు: "రికార్డుల అసిస్టెంట్ బదిలీ ఉత్తర్వు."

మౌస్ మీద వేలు బిగుసుకుపోయింది. ఒక్క నొక్కు! మనమైతే ఎప్పుడో నొక్కేసి ఉండేవాళ్ళం. ఆవిడ నెట్ వైరు పీకేసింది. లేచి నేరుగా మేనేజర్ గదిలోకి నడిచింది.

"సార్, మీరు నాకు బదిలీ ఉత్తర్వు పంపారా?"

మేనేజర్‌గారు ఉలిక్కిపడ్డారు. "నేనా? నేనేం పంపలేదమ్మా! తెరవకు, అది వైరస్!"

"తెరవలేదు సార్. కానీ నా బదిలీ సంగతి వైరస్‌కి ఎవరు చెప్పారు?"

మేనేజర్‌గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టారు.

మేనేజర్ కంప్యూటర్‌ని బాగుచేస్తున్న ఇంజనీరు, పాపం, ఆఫీసు మర్యాదలు తెలియని మనిషి. "వైరస్ సొంతంగా ఉత్తర్వులు రాయదు మేడమ్, ఉన్నవే పంపుతుంది. ఇదిగో, హెడ్డాఫీసు నుంచి వచ్చి పద్నాలుగు నెలలైంది. శుభ్రం చేశాను, ప్రింట్ తియ్యమంటారా?"

"అది కాదమ్మా," మేనేజర్‌గారు నీళ్ళు నమిలారు. "నువ్వు వెళ్ళిపోతే ఏ వీధి కింద ఏ పైపు ఉందో ఎవరు చెప్తారు?"

"ఈ పద్నాలుగు నెలల్లో మా అమ్మాయి పాదం రెండు సైజులు పెరిగింది సార్. ఒక్క జత చెప్పులూ నేను దగ్గరుండి కొనలేదు."

ఆయన ఇంకేదో అనబోయారు. ఈలోగా ఫోన్ మోగింది. వైరస్ ఆ ఉత్తర్వుని హెడ్డాఫీసుకి కూడా పంపింది మరి! సాయంత్రం బస్సుకి గొళ్ళెం మేడమ్ ఊరు దాటింది.

అందుకే అంటున్నాను, వైరస్‌ని తిట్టకండి!

మేనేజర్‌గారికి మాత్రం బాగా బుద్ధి వచ్చింది. వారం తిరగకుండా ఖరీదైన యాంటీవైరస్ పెట్టించారు. ఇప్పుడా కంప్యూటర్లో రెండు ప్రమోషన్లు, టైపిస్టు సెలవు మంజూరు, ఒక వీధివాళ్ళు ఆరేళ్ళుగా అడుగుతున్న కుళాయి కనెక్షన్ ఉన్నాయి. అన్నీ క్షేమం. ఒక్కటీ బయటికి పోదు.

ఇన్నేళ్ళలో ఆ గది గడప దాటి పోయింది వైరస్ ఒక్కటే! అదీ ఆయన సంతకం లేకుండా.