గ్లాసుకు వేలు, పళ్లేనికి ఫోను

అడక్కుండా మనిషి ముందు తిండి పెట్టడం అనాగరికం. ఈ సంగతి మా గ్రనాడాకు తెలిసిరావడానికి వందేళ్లు పట్టింది. ఆలస్యంగానైనా తెలిసింది, సంతోషం.

మా ఊరి జబ్బు మీకు తెలిసిందే. ఏ బారులోకైనా వెళ్లి, కౌంటరు దగ్గర నిలబడి, వేలెత్తి చిన్న గ్లాసు బీరు చెబితే చాలు. గ్లాసు వెంట బుల్లి పళ్లెంలో తిండి వచ్చి కూర్చుంటుంది. దాన్ని టాపా అంటాం. దానికి వేరే ధర లేదు. ఏం వస్తుందో ఎవరూ చెప్పరు. రెండో గ్లాసుకు రెండో రకం, మూడో గ్లాసుకు మూడో రకం. పెట్టిందే మళ్లీ పెడితే ఆ బారుకు అప్రతిష్ఠ.

మరి మనం అడగొచ్చా? అమ్మో! "ఈరోజు ఏం పెడుతున్నారు?" అన్నవాణ్ణీ, "నా పళ్లెం ఇంకా రాలేదు" అని గుర్తుచేసినవాణ్ణీ మా ఊళ్లో తిండికి మొహం వాచినవాడి కింద జమకడతారు. నాలుగు తరాల పరువు ఆ ఒక్క మాటతో మట్టిలో కలుస్తుంది. దాహమైందని అడగొచ్చు. ఆకలేసిందని అనకూడదు.

ఇదెంత దారుణమో ఎప్పుడైనా ఆలోచించారా? ఈ దేశంలో ప్రజాస్వామ్యం వచ్చి దాదాపు యాభై ఏళ్లు. మేయర్ని మనమే ఎన్నుకుంటున్నాం, ఎన్నుకున్నందుకు మనమే ఏడుస్తున్నాం. వంకాయ వేపుడు విషయంలో మాత్రం మనకు ఓటు లేదు!

మా వీధి నియంత పేరు ఎన్‌కార్నా. ముప్పై ఒక్క ఏళ్లు బారు నడిపింది. మనిషి గుమ్మంలో కనిపించగానే మొహం చూసి పళ్లెం తేల్చేసేది. నేను పెళ్లాంతో పోట్లాడి వచ్చిన రోజు నాకు చిక్కుళ్లూ పంది మాంసమూ కాస్త ఎక్కువే పడేవి. నా సంసారం సంగతి ఆమెకెందుకు? వ్యక్తిగత సమాచార రక్షణ అనే చట్టం ఒకటుందని ఆమెకు ఎవరూ చెప్పలేదు కాబోలు.

ఆమె నిరంకుశత్వానికి అందరికంటే ఎక్కువ బలైనవాడు డామాసో బాబాయ్. మా మేడమీద మూడో అంతస్తు. ప్లంబరుగా చేసి రిటైరయ్యాడు, మా వీధిలో సగం కుళాయిలు ఆయన చేతిమీదుగా బాగుపడ్డవే. భార్య పోయి ఆరేళ్లయింది. అప్పటినుంచి ఆయన ఇంట్లో పొయ్యి వెలగడం ఎవరూ చూడలేదు. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటన్నరకు ఎన్‌కార్నా కౌంటరు చివర నిలబడి మూడు చిన్న గ్లాసులు తాగేవాడు. మూడు పళ్లేలు వచ్చేవి. అదే ఆయన భోజనం.

ఆయనకు షుగరుందని తెలిసిన రోజునుంచి ఎన్‌కార్నా తేనె పోసిన వంకాయలు ఆయన వైపు రానివ్వలేదు. కట్టుడు పళ్లు పెట్టించుకున్నాక గట్టి మాంసం మానేసి పప్పు పెట్టింది, నారింజ తొనల్లో ఉప్పుచేప కలిపి పెట్టింది. మూడో గ్లాసులో సగం సోడా కలిపేది.

"ఇది బీరా, బీరు గ్లాసు కడిగిన నీళ్లా?" అనేవాడు బాబాయ్.

"తాగవయ్యా. బతుకంతా కుళాయిలు తిప్పినవాడివి, నీళ్లంటే భయమేమిటి?" అనేది ఆమె.

ఒక పౌరుడి ఆహార స్వేచ్ఛను ఇలా పట్టపగలు కాలరాస్తుంటే మేమంతా పళ్లు కుట్టుకుంటూ నిలబడ్డాం. సిగ్గుచేటు.

ఇంతలో దేవుడు కరుణించి ఎన్‌కార్నా మోకాళ్లు అరగదీశాడు. బారు మేనల్లుడి చేతికొచ్చింది. అతని పేరు బోర్హా. మాడ్రిడ్‌లో మార్కెటింగ్ చదివాడు. వస్తూనే బారుకు 'రాయీస్' అని పేరు మార్చాడు. అంటే వేరు అని అర్థం. వేళ్లతో సహా పీకేసినవాళ్లే ఇలాంటి పేర్లు పెట్టడానికి తగినవాళ్లు.

కౌంటరు పోయింది. ఆ చోట కుండీల్లో మొక్కలొచ్చాయి. నిలబడి తినడం పశులక్షణమని ఇన్నాళ్లకు ఒకడైనా గుర్తించాడు. ఇప్పుడు అందరికీ బల్లలు, బల్లకు డెబ్బై నిమిషాలు. డెబ్బై ఒకటో నిమిషంలో బిల్లు దానంతట అదే వస్తుంది. మనం ఎప్పుడు లేవాలో మనకే తెలియకపోతే పాపం ఎవరో ఒకరు చెప్పాలిగా?

అన్నిటికంటే గొప్ప మార్పు బల్లమీద అంటించిన ఆ నలుపూ తెలుపూ గళ్ల చతురస్రం. ఫోను దానికి చూపించండి. ఇరవై ఆరు టాపాలు బొమ్మలతో సహా దిగుతాయి. మీకు వేరుశనగ పడదా, ఆవాలు పడవా, నత్తలు పడవా? పద్నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పండి. మీ పుట్టినరోజు చెప్పండి. నచ్చింది నొక్కండి. నొక్కితే వస్తుంది, నొక్కకపోతే రాదు. ఇప్పటికీ ఉచితమే సుమా! బోర్హాను పిసినారి అన్నవాడి కళ్లు పోతాయి. బీరు మాత్రం పాత పద్ధతిలోనే, సంప్రదాయం మీద గౌరవంతో, వేలెత్తితే చాలు.

దీనివల్ల ఎన్ని లాభాలు! నాకు తెలిసిన ఒక కుటుంబంలో ఐదుగురూ నలభై నిమిషాలపాటు తలలు వంచుకుని టాపాలు ఎంచుకున్నారు. ఆ నలభై నిమిషాలూ ఒకరినొకరు తిట్టుకోలేదు. ఆ ఇంటి పెద్దావిడ ఆనందం పట్టలేక కళ్లు తుడుచుకుంది. ఎవరి ఫోనులో ఛార్జింగు అయిపోతే వాళ్లకు ఉపవాసం, ఆరోగ్యానికి మంచిది. వంటింట్లో వృథా నలభై శాతం తగ్గిందని బోర్హా గోడమీద ఆకుపచ్చ అక్షరాలతో రాయించాడు. ఆ నలభై శాతం ఎవరి పొట్టల్లోంచి తగ్గిందని అడిగేవాళ్లు పర్యావరణ ద్రోహులు.

ఈ కొత్త యుగాన్ని కళ్లారా చూద్దామని మొన్న గురువారం నేనూ వెళ్లాను. పక్క బల్ల దగ్గర డామాసో బాబాయ్ కూర్చుని ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. నిలబడడానికి చోటు లేక కూర్చున్నాడే కానీ, డాక్టరు గదిలో కూర్చున్నట్టు కుర్చీ అంచుమీదే కూర్చున్నాడు. ఆయన ఫోనుకు బొత్తాలుంటాయి, కెమెరా ఉండదు.

వేలెత్తాడు. గ్లాసు వచ్చింది. పళ్లెం రాలేదు.

ఆ గంటసేపూ ఆయన బుర్రలో ఏం నడిచిందో తర్వాత ఆయనే చెప్పగా తెలిసింది. వంటమనిషి కొత్త, చెయ్యి తిరగలేదు, ఆలస్యమవుతుంది అనుకున్నాడట. మర్యాదస్తుడు కదా, రెండో గ్లాసు చెప్పాడు. మొదటి పళ్లెం మరిచిపోతే రెండోదానితో కలిపి పెట్టడం మా ఊళ్లో రివాజు. అదీ రాలేదు. అప్పుడు ఆయనకు ఇంకో ఆలోచన వచ్చిందట. పాత మనిషినని బోర్హా గుర్తుపట్టాడు, నాకోసం లోపల ప్రత్యేకంగా ఏదో చేయిస్తున్నాడు, మంచి వంటకు టైము పడుతుంది మరి. ఆ వంటకం గౌరవార్థం మూడో గ్లాసు చెప్పాడు. ఇందులో సోడా కలిపేవాళ్లు లేరు.

ఆయన వంటింటి వైపు చూడలేదు. చూస్తే అడిగినట్టే. రెండుసార్లు నావైపు చూశాడు. పలకరింపు అనుకుని నేను బొటనవేలు పైకెత్తి చూపించాను. ఆయనా బొటనవేలు ఎత్తాడు. ఎంత హాయిగా ఉన్నాడో అనుకుని మళ్లీ ఫోనులోకి వెళ్లాను. అప్పటికి నా మూడో టాపా ఎంపికలో ఉన్నాను, పద్దెనిమిదో బొమ్మ దగ్గర.

డెబ్బై ఒకటో నిమిషంలో బిల్లు వచ్చింది. బాబాయ్ మర్యాదగా లేచాడు, రెండడుగులు వేశాడు, మొక్కల కుండీల మధ్య పడిపోయాడు. పొద్దున్నే వేసుకున్న షుగరు మాత్ర, ఖాళీ కడుపు, మూడు గ్లాసుల బీరు. ఆసుపత్రికి తీసుకెళ్లారు. బోర్హా తప్పేమీ లేదు. 'కస్టమరు మూడుసార్లూ టాపా వద్దనుకున్నారు' అని ఆర్డర్లు తీసుకునే మెషీను స్పష్టంగా రాసింది.

సాయంత్రం చూడ్డానికి వెళ్లాను. ప్రాణానికి ప్రమాదం లేదన్నారు. నాకంటే ముందే ఎన్‌కార్నా కర్ర పట్టుకుని వచ్చి, మంచం పక్కన కూర్చుని, డబ్బాలోంచి పప్పు చెంచాతో తినిపిస్తోంది.

"రెండో గ్లాసు కూడా ఒట్టిదే తాగావా?" అంది ఆమె. "మూడోది కూడానా? పక్కన మనిషన్నవాడే లేడా?"

బాబాయ్ నోటినిండా పప్పుంది. నర్సు అందుకుంది. "పక్క బల్లమీద ఎవరో ఒకాయన ఉన్నాడటండీ, తింటున్నాడట."

నేను కిటికీలోంచి పార్కింగ్ స్థలాన్ని శ్రద్ధగా పరిశీలించాను. ఎన్‌కార్నా నా వీపు వైపు చూస్తోందని చూడకుండానే తెలుస్తోంది.

"నోరు తెరిచి ఒక్కమాట చెప్పొచ్చుగా బాబాయ్, ఆకలేస్తోందని," అన్నాను చివరికి. "ఇంత బతుకు బతికి దీనికి మొహమాటమా?"

బాబాయ్ పప్పు మింగి, మూతి తుడుచుకుని నన్ను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే బాగుండేది.

"నేను అడక్కూడదయ్యా సెవెరో. మనూళ్లో తినేవాడు అడగడు. కానీ పక్కనున్నవాడు అడగొచ్చుగా, తిన్నావా అని. దానికేం పరువు పోదు."

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. రాయీస్ నుంచి మెసేజి. 'ప్రియమైన సెవెరో, మీరు కడుపునిండా తిన్నారా?' అని.

ఆరోజు మా వీధిలో ఆ ప్రశ్న అడగడానికి తీరిక ఉన్నది ఆ మెషీనుకు ఒక్కదానికే. అది కూడా తిన్నవాణ్ణే అడిగింది.