పండుగ కోసం మంచం పట్టిన మహాదేవమ్మ

దసరా సెలవుల్ని మింగేసి, "స్పెషల్ స్టడీ అవర్స్" అని త్రేన్చే హాస్టల్ కాలేజీల యజమానులారా! జహీరాబాద్‌లో ఒక ముసలామె మంచం పట్టిందంటే కారణం మీరే. ఆమెకు రోగం లేదు, రొష్టు లేదు. డెబ్బై దాటినా జొన్నరొట్టెను కరకర నమిలే మనిషిని మీరే పడుకోబెట్టారు.

ఆ పొద్దున ఆమె కోడలు నర్సమ్మ కోరుకున్నది చాలా చిన్న విషయం. సాయంత్రం సద్దుల బతుకమ్మ. హైదరాబాద్‌లో ఇంటర్ చదివే కూతుళ్లు కావ్య, సహస్ర ఆ వేళకు ఇంట్లో ఉండాలి. కోసుకొచ్చిన గునుగు పూలు అరుగు మీద పోసేసరికి పాత ఏళ్లన్నీ కళ్ల ముందుకొచ్చాయి. చిన్నప్పుడు పూలకు రంగులద్దమంటే ఇద్దరూ పువ్వుకొక చుక్క, ఒంటికి పది చుక్కలు వేసుకునేవారు. ఒక ఏడాది సహస్ర ఊదారంగు చెంపలతోనే బడికి పోయింది. బతుకమ్మను తనంత ఎత్తు పేర్చేదాకా అన్నం ముట్టనని కావ్య అలిగింది. అప్పుడు నర్సమ్మ ఇద్దర్నీ చెడతిట్టింది. ఇప్పుడు తిడదామన్నా ఎవరూ లేరు. ఇంటర్ అయిపోతే ఒకతి ఎక్కడో, ఇంకొకతి ఎక్కడో. ఈ ఒక్క పండుగైనా ఇద్దరితో ఆడాలి.

హాస్టల్ వార్డెన్ హరికృష్ణకు ఫోన్ చేసింది.

"సెలవుల్లేవమ్మా. ఇంట్ల ఎవరికన్న సీరియస్ ఉంటేనే పంపిస్తం."

"మా అత్తకు సీరియస్ సారూ!" అనేసింది నర్సమ్మ.

పక్కనే తంగేడు పూలు విడదీస్తున్న అత్త తలెత్తింది. "నాకా? ఎప్పటిసంది?"

"ఇప్పటిసందే. జర మంచంల పండు అత్తా. పిల్లలొస్తరు."

"పిల్లలొస్తరంటే పండుకుంట. గని గంజి పోస్తే మాత్రం లేస్త, చెప్తున్న!"

వార్డెన్ వీడియో కాల్‌లో చూపించమన్నాడు. మహాదేవమ్మ దుప్పటి కప్పుకొని ఎంత ఘోరంగా మూలిగిందంటే, "నేనే తోలుకొస్త" అని అతను వెంటనే ఫోన్ పెట్టేశాడు. నర్సమ్మ నవ్వాపుకోలేక కొంగు నోట్లో కుక్కుకుంది. మూలుగు విని పరుగెత్తుకొచ్చిన పక్కింటి గ్లోరీ నర్సమ్మది ఏడుపే అనుకుంది. మంచం పక్కన మోకరించి కళ్లు మూసుకొని ప్రార్థన చేసి, బయటికి పోయి వాడ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టింది.

మధ్యాహ్నానికి ఆ మెసేజ్ ముసలామె పుట్టినూరు న్యాల్‌కల్ చేరింది. మహాదేవమ్మ తమ్ముడు చంద్రప్ప ట్రాక్టర్ ట్రాలీ నిండా చుట్టాలతో దిగాడు. కడసారి చూపుకు వట్టిచేతుల్తో వస్తారా? ముసలామెకు ఇష్టమని చంద్రప్ప నాటుకోడి కూర, మిగతావాళ్లు బూరెలు తెచ్చారు. "పాపం, నోరు తెరుస్తలేదు" అని ఒకామె కన్నీళ్లు పెట్టుకుంది. కూర గిన్నె మూత తీయగానే నోరు తెరుచుకుంది.

డ్యూటీ దిగి ఇంటికొచ్చిన కొడుకు రామ్‌కిషన్ గుమ్మం ముందు చెప్పుల గుట్టను చూసి తల్లి మీద పడి భోరుమన్నాడు. మహాదేవమ్మ అతని చెవిలో గొణిగింది: "మీదపడకు బిడ్డా, బూరెలు తిన్న. కక్కొస్తది."

సాయంత్రానికి పిల్లలు వచ్చారు. నాయినమ్మ చేయి పట్టుకొని వెక్కివెక్కి ఏడ్చారు. వెనకే వార్డెన్. "ఈమెకు జర నయమైతే పిల్లల్ని ఇప్పుడే వాపస్ తీస్కపోత" అన్నాడు.

అంతలో గ్లోరీ వచ్చి నర్సమ్మ భుజం పట్టుకుంది. "ఫికర్ చెయ్యకు అక్కా. మన వాడల ఈసారి బతుకమ్మ బంద్ పెట్టిచ్చిన. డీజే వాపస్ పంపిన్రు. అవ్వ పానం కన్న పండుగ ఎక్కువనా?"

అత్త పడుకుంటే ఆట లేదు, లేస్తే పిల్లలు లేరు.

నర్సమ్మ ఎటూ తేల్చుకోకముందే దుప్పటి ఎగిరి చంద్రప్ప మీద పడింది.

"నేను సచ్చినంక పెట్టుండ్రి బంద్!" మంచం దిగి నిలబడింది మహాదేవమ్మ. "ఏయ్ కావ్యా, ఏడ్సుడు ఆపి బతుకమ్మ ఎత్తు! సహస్రా, నా కొత్త చీర తే!"

"అక్కా, నీకు నయమైందా? మరి నా కోడి?" అన్నాడు చంద్రప్ప.

"అరిగింది."

అందరూ వార్డెన్ వంక చూశారు. నర్సమ్మ పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది. సరిగ్గా అప్పుడే కాలేజీ యజమాని నుంచి అతనికి ఫోన్ వచ్చింది.

"సార్, ముసలామె మస్తు సీరియస్ ఉంది సార్. పండుగ దాక పిల్లల్ని కదిలిచ్చుడు కాదు. నేను సుత ఇడ్నే ఉండాలె సార్." ఫోన్ జేబులో పెట్టుకొని, మహాదేవమ్మ ముందు చేతులు జోడించాడు. "మాది గీ పక్క చిరాగ్‌పల్లే అవ్వా. నా బిడ్డ బతుకమ్మ ఎత్తుకుంటే ఎట్లుంటదో నేను ఇప్పటిదాక చూడలే. దసరా అయ్యేదాక నువ్వు జర గిట్లనే సీరియస్‌గ ఉండు."

"నువ్వు నిమ్మలంగ పో కొడుకా," అంటూ ఆమె చీర కుచ్చిళ్లు దోపుకుంది.

అందుకే యజమానులారా, ఇప్పుడే, ఈ పండుగకే గేట్లు తెరవండి. పిల్లలకు సెలవులివ్వండి, వార్డెన్లకూ ఇవ్వండి. ఇవ్వకుంటే ఇంటికొకరు మంచం పడతారు.

అవ్వలు అయిపోతే మాకు తాతలున్నారు.