హెవీ మెటల్ ఉపశాఖల మీద మా సంఘం తీర్మానం

హెవీ మెటల్ సంగీతంలో ఉపశాఖలు మరీ ఎక్కువైపోయాయి! ఇది నా సొంత అభిప్రాయం కాదు. 2007లో కర్ణాటకలోని చింతామణిలో జరిగిన మా కులసంఘం వార్షిక సభ ఏకగ్రీవంగా ఆమోదించిన తీర్మానం. ప్రతిపాదించినవాణ్ణి నేనే. పేరు మురళీధర, రిటైరైన హెడ్మాస్టర్ని, సంఘానికి గౌరవ కార్యదర్శిని. ఆ సంగీతం వినకుండానే తీర్మానం చేశానని కొందరు ఆడిపోసుకుంటున్నారు. పచ్చి అబద్ధం! నేను ఒక పాటలో సగం విన్నాను.

వినిపించింది మా అమ్మాయి గార్గి. చిక్కబళ్ళాపురంలో ఇంజనీరింగ్ కాలేజీ లెక్చరర్. ఆదివారాలు నల్ల టీషర్టు వేసుకుని స్నేహితులతో కలిసి గిటార్ వాయిస్తుంది. గిటార్ వీణకి దూరపు చుట్టమేలే అని నేను సరిపెట్టుకున్నాను. ఒకరోజు పొద్దున్నే ఆమె గదిలోంచి చప్పుడు మొదలైంది. మిక్సీ చెడిపోయిందేమోనని మా ఆవిడ అంబుజ వంటింట్లోకి పరిగెత్తింది.

"ఏందమ్మా ఇది?" అన్నాను.

"థ్రాష్ అప్పా. శానా వేగంగా పోతాది. నేను వాయించేది ఇదే."

"మరి నిన్నటిది? ఏడుస్తాండారో, నిద్రపోతాండారో తెలీకుండా ఉన్నింది?"

"అది డూమ్. నిదానంగా పోతాది. కడుపులోనుంచి అరిస్తే డెత్, గొంతులోనుంచి అరిస్తే బ్లాక్. ఇంకా పవర్ ఉండాది, ఫోక్ ఉండాది, స్లడ్జ్ ఉండాది..."

"చాలు తల్లీ!"

గిటార్ ఒకటే, జుట్టు ఒకటే, చొక్కా రంగు ఒకటే. అయినా ఇన్ని ముక్కలా! నాకు నిజంగానే బాధేసింది. అయితే ఏ విషయాన్నయినా మూలం నుంచి పరిశీలించడం నా అలవాటు. కాబట్టి అడగవలసిన ప్రశ్న అడిగాను.

"ఈ థ్రాష్ వాళ్ళూ డూమ్ వాళ్ళూ ఒక పంక్తిలో భోంచేస్తారా?"

"ఓ! ఒకే ప్లేటులో పానీపూరి తింటారు."

"పిల్లనిచ్చి పుచ్చుకుంటారా?"

గార్గి పాట మధ్యలోనే ఆపేసింది. "అదే మాట్లాడాలని ఉన్నాను అప్పా," అంది.

నాకు మతిపోయింది. కలిసి తింటే, కలిసి కాపురం చేస్తే, అది శాఖ ఎలా అవుతుంది? నియమమే లేనప్పుడు పేర్లు ఎందుకు? ఉత్త డాంబికం!

ఆ తర్వాతి ఆదివారం, గార్గి పెళ్ళాడాలనుకున్న వసిష్ఠ తన తండ్రి నంజుండయ్యగారిని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. కుర్రాడు బాగేపల్లిలో బ్యాంకు ఆఫీసరు. డ్రమ్ములు వాయిస్తాడు, డూమ్ శాఖ. తండ్రి రిటైరైన పోస్టుమాస్టరు. మన కులమే. గోత్రం కుదిరింది, జాతకం కుదిరింది. అంబుజ అడగకుండానే రెండోసారి కాఫీ తెచ్చింది. గార్గి ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు.

"మీరు ఏటికి ఇవతలి వాళ్ళా, అవతలి వాళ్ళా?" అన్నాను, మాటవరసకి.

"అవతలి వాళ్ళమండి," అన్నారు నంజుండయ్యగారు.

నేను కాఫీ గ్లాసు కింద పెట్టాను.

తెలియని పాఠకులకి ఇక్కడ కొంచెం వివరించాలి. కొన్ని వందల ఏళ్ళ కిందట మా పూర్వీకులంతా ఒకే గుంపుగా వలస వస్తూ, ఒక సాయంత్రం పాపాగ్ని ఏటి ఒడ్డుకి చేరారు. సగంమంది ఆ సాయంత్రమే ఏరు దాటారు. తక్కినవాళ్ళు రేపు చూద్దాంలే అని అక్కడే పడుకున్నారు. తెల్లవారగానే వాళ్ళూ దాటారు, కాదనను. కానీ రాత్రంతా అవతలే ఉన్నారు కదా! పైగా సారులో, అంటే చారులో, బెల్లం వేస్తారు. అందుకే మాకూ వాళ్ళకీ పంక్తి వేరు, వంటిల్లు వేరు, సంబంధాలు వేరు. ఇప్పుడా ఏట్లో నీళ్ళు లేవు. ఇసుక కూడా లారీలెక్కి వెళ్ళిపోయింది. భేదం మాత్రం చెక్కుచెదరలేదు. ఇదీ శాఖ అంటే!

"నాకేం పట్టింపు లేదండి. నేను విశాలంగా ఆలోచించే మనిషిని. సంఘాన్ని ఒక మాట అడగాల, అంతే," అన్నాను.

"అయితే సభకి నేనూ వస్తాను అప్పా," అంది గార్గి.

ఆ వార్షిక సభ మా సంఘం కల్యాణ మంటపంలో జరిగింది. ఇవతలి వాళ్ళు కుడివైపు, అవతలి వాళ్ళు ఎడమవైపు కూర్చున్నారు. నా ఉపన్యాసం విషయం ఐకమత్యం. ముక్కలు ముక్కలైతే ఒక జాతి ఏ గతి పడుతుందో హెవీ మెటల్‌ని ఉదాహరణగా చూపించి చెప్పాను. కొందరు కళ్ళు తుడుచుకున్నారు. నా తీర్మానాన్ని ఆమోదిస్తూ ముందు కుడివైపు వాళ్ళు, తర్వాత ఎడమవైపు వాళ్ళు చప్పట్లు కొట్టారు.

గార్గి లేచి నిలబడింది. "మా అప్పా మాటలు విని శానా సంతోషమాయ. నేనూ వసిష్ఠా పెండ్లి చేసుకుంటాండాము. ఈ సభలోనే ఆశీర్వదించండి."

చప్పట్లు ఆగిపోయాయి. మా సంఘంలో పెద్దావిడ లక్ష్మీనరసమ్మ గొంతు సవరించుకుంది. "ఆశీర్వాదానికేమమ్మా, ఎంతైనా చేస్తాము. పెండ్లి భోజనం యాడ వండాల? కుడి వంటింట్లోనా, ఎడమ వంటింట్లోనా?"

అందరూ నా వైపు చూశారు. గార్గి కూడా చూసింది. ఏ వంటింట్లోనైనా సరే అంటే చాలు. అంతకన్నా ఏమీ అక్కర్లేదు.

"ఉపసమితి వేద్దాం," అన్నాను.

గార్గి నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది. "బుధవారం రిజిస్ట్రార్ ఆఫీసులో చేసుకుంటాము. నువ్వొస్తే నాకు సంతోషం అప్పా." నేను కాగితాలు సర్దుకున్నాను.

బుధవారం అంబుజ వెళ్ళింది. నేను వెళ్ళలేదు. ఉపసమితికి నేనే అధ్యక్షుణ్ణి. ఆ రోజే సమావేశం పెట్టుకున్నాను. సాయంత్రం అంబుజ తిరిగి వచ్చింది. "మెటల్ పిల్లకాయలంతా వచ్చినారు. నువ్వే శాఖ అని ఎవరూ ఎవరినీ అడగలేదు. నంజుండయ్యగారింట్లో అందరమూ కలిసే తిన్న్యాము. గార్గి వాకిలి పక్కే చూస్తా ఉన్నింది," అని చెప్పి లోపలికి వెళ్ళింది. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

అయినా కర్తవ్యం కర్తవ్యమే! మా నివేదికని సంఘం ఆమోదించింది. ఇటువంటి దంపతులకీ, వారి తల్లిదండ్రులకీ మంటపం వరండాలో మూడో పంక్తి. ఐకమత్యం దెబ్బతినకుండా చూసినందుకు నాకు శాలువా కూడా కప్పారు.

మరుసటి ఏడాది సంఘం సంతర్పణకి గార్గి, వసిష్ఠ రాలేదు. కూతురు లేని చోట నాకేం పని అని అంబుజా రాలేదు. వరండాలో నేనొక్కణ్ణే విస్తరి ముందు కూర్చున్నాను. లోపల రెండు పంక్తులూ కళకళలాడుతున్నాయి. కాసేపటికి ఎడమవైపు వాళ్ళు పంపించేస్తే నంజుండయ్యగారు వచ్చారు. నా పక్కనే విస్తరి వేసుకుని నవ్వారు.

"ఇప్పుడు మనమిద్దరమూ ఒకే శాఖ అయితిమి కదండీ?"

నేను శాలువా కొంగుతో కళ్ళు తుడుచుకున్నాను. అభినయం కాదు, నిజంగానే.

"అవునండీ. మనమంతా ఒకటే," అన్నాను.

ఆయన విస్తరి మీద నీళ్ళు చల్లుకుంటున్నారు. నేను నా విస్తరిని ఒక జానెడు ఇవతలికి జరుపుకున్నాను.